జనంలో వేయడానికి ఏ పర్యావరణ చిత్రం పనికొస్తుంది? ఐదింటిపై సమీక్ష

ఇంట్లో ఒంటరిగా చూసినప్పుడు కదిలించిన చిత్రం, ఎనభై మంది ముందు తెర కట్టి వేస్తే తేలిపోవచ్చు. జనంలో వేసే చిత్రానికి కావలసిన గుణాలు వేరు. వెనక వరుసలో పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషికి కూడా అర్థం కావాలి. చదవడం రానివాళ్లు, ఆ భాష తెలియనివాళ్లు మధ్యలో జారిపోకూడదు. నలుగురి ముందు వేయడానికి హక్కుదారుల అనుమతి ఉండాలి. అన్నిటికీ మించి, లైట్లు వెలిగాక జనం చేతికి అందే పని ఒకటి మిగలాలి. ఐదు పేరున్న చిత్రాలను ఇక్కడ ఈ కొలతతోనే తూచాం. సినిమాగా ఏది గొప్పదన్న చర్చ వేరు, దాని జోలికి పోలేదు.

ది స్టోరీ ఆఫ్ స్టఫ్ (2007)

ఐదింటిలో చిన్నది ఇదే, ఎక్కువ పనికొచ్చేదీ ఇదే. నిడివి సుమారు 20 నిమిషాలు. యానీ లెనర్డ్ కెమెరా ముందు నిలబడి మాట్లాడుతుంటే, వెనక తెల్లటి నేపథ్యం మీద నల్లగీతల బొమ్మలు కదులుతుంటాయి. వస్తువు నేలలోంచి ముడిసరుకుగా బయటికి రావడం, ఫ్యాక్టరీలో తయారవడం, దుకాణానికి చేరడం, ఇంట్లో వాడకంలోకి రావడం, చివరికి చెత్త కావడం: మొత్తం ఐదు అంచెలు.

ఆ తెల్లటి నేపథ్యమే ఆరుబయట ప్రదర్శనకు పెద్ద వరం. చీకటి దృశ్యాలు లేవు కాబట్టి పక్కన వీధిదీపం వెలుగుతున్నా బొమ్మ కనిపిస్తుంది. రెండున్నర మీటర్ల వెడల్పు తెరకు 2000 ఆన్సీ ల్యూమెన్ల (తెర మీద పడే వెలుగును కొలిచే లెక్క) ప్రొజెక్టర్ చాలు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చవక ప్రొజెక్టర్ల పెట్టె మీద పెద్ద అంకెతో ‘ల్యూమెన్లు’ అని మాత్రమే రాసి ఉంటే అది చాలాసార్లు లోపలి దీపం వెలుగు లెక్క, తెర మీద పడే వెలుగు కాదు. ‘ఆన్సీ’ అన్న మాటో, ‘ఐఎస్ఓ’ అన్న మాటో ఉన్న అంకెనే నమ్మాలి.

బొమ్మలే అర్థం చెబుతాయి కాబట్టి భాష అడ్డం కూడా సులువుగా దాటొచ్చు. ఒక్కో అంచె ముగిసిన చోట ఆపి, ఒకరు మైకులో రెండు నిమిషాలు సొంత మాటల్లో చెబితే మొత్తం అరగంటలో అయిపోతుంది. చెప్పే మనిషి ముందే తయారవ్వాలి. చిత్రం తీసినవాళ్లు అంకెలకు ఆధారాలు జోడించిన పూర్తి పాఠాన్ని బయటపెట్టారు. దాన్ని ముద్రించుకుని, ఆపాల్సిన చోట నిమిషం, సెకను పక్కన రాసుకోవాలి. లెనర్డ్ వేగంగా మాట్లాడుతుంది. సబ్‌టైటిల్స్ మీదే ఆధారపడితే సగం మంది రెండో అంచె దగ్గరే వెనకబడతారు. సబ్‌టైటిల్స్ తప్పదనుకుంటే ఫైలును యూటీఎఫ్-8 (తెలుగు లాంటి లిపులను సరిగా దాచే పద్ధతి) రూపంలో భద్రపరచాలి. లేకపోతే తెలుగు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఒత్తులు విడిపోయి కనిపిస్తే ప్లేయర్‌లో తెలుగు ఫాంటును విడిగా ఎంచుకోవాలి. ఈ పరీక్షను ప్రదర్శనకు వాడే లాప్‌టాప్ మీదే చేయాలి, ఇంట్లో ఉన్న వేరే దాని మీద కాదు.

లోపాలూ ఉన్నాయి. అంకెలు దాదాపుగా అమెరికావి, కాలం 2007 నాటిది. లావుపాటి పాత కంప్యూటర్ మానిటర్ ప్రస్తావన ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది 99 శాతం వాక్యం. వ్యవస్థలో ప్రవహించే సరుకులో 99 శాతం ఆరు నెలల్లో చెత్త అవుతుందని చిత్రం చెబుతుంది. వినేవాళ్లు దాన్ని ‘మనం కొన్న వాటిలో 99 శాతం పారేస్తున్నాం’ అని పట్టుకుంటారు. అది తవ్వకంలో, తయారీలో, రవాణాలో పోయేదంతా కలిపిన లెక్క. అక్కడ ఆపి ఈ తేడా చెప్పకపోతే, ‘మా ఇంట్లో మంచం ఇరవై ఏళ్ల నుంచి ఉంది కదా’ అని ఎవరో ఒకరు లేస్తారు. వాళ్లు అనేది సరైనదే కాబట్టి సభ నమ్మకం మొత్తం అక్కడే సడలుతుంది.

చిత్రం తప్పును వ్యవస్థ మీద పెడుతుంది. అది న్యాయమే. కానీ ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఏం చేయాలో గట్టిగా చెప్పదు. అందుకని ఐదు అంచెల్లో ఒక్కదాన్నే పనికి ఎంచుకోవాలి. చెత్త అంచె మేలు, ఎందుకంటే బుట్ట లేని ఇల్లు ఉండదు. పని ఇలా పెట్టొచ్చు: ఇరవై ఇళ్లు, ఏడు రోజులు, పొడి చెత్త మాత్రమే ఒక సంచిలో. ఎనిమిదో రోజు అందరి ముందు గుమ్మరించి ప్లాస్టిక్ సీసాలు, కాగితం, గాజు, లోహం, పొరల ప్యాకెట్లు (చిప్స్, షాంపూ ప్యాకెట్ల లాంటివి), మిగతావి అని ఆరు కుప్పలు చేసి తూచాలి. తడి చెత్త కలిసిందంటే తూకమంతా నీళ్లదే అవుతుంది, ఆ సంచిని పక్కన పెట్టాలి. పొరల ప్యాకెట్లు తూకంలో ఏమీ తేలవు. వాటిని తూచడంతో పాటు లెక్కపెట్టాలి కూడా. కుప్ప చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం వాటి సంఖ్యలోనే ఉంటుంది. చేతి తొడుగులు, కింద పరిచే టార్పాలిన్, కొక్కెం తక్కెడ ఉంటే చాలు.

లాభాపేక్ష లేని ప్రదర్శనకు ఇది ఉచితం. డబ్బింగ్ చెప్పి కొత్త ఫైలుగా పంచాలంటే మాత్రం అనుమతి అడగాలి. ఇదే బృందం తర్వాత మరీ చిన్న చిత్రాలు తీసింది. సబ్బుల్లో, ముఖం కడుక్కునే క్రీముల్లో వాడే ప్లాస్టిక్ పూసల మీద వచ్చినది రెండు మూడు నిమిషాలే. 2015 డిసెంబరులో అమెరికాలో ఆ పూసలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. చిత్రం వల్లే వచ్చిందని అనలేం, దాని వెనక ఎన్నో సంఘాల ఒత్తిడి ఉంది. కానీ ఒక వస్తువు, ఒక కోరిక, రెండు నిమిషాలు అన్న ఆ కూర్పు నేర్చుకోదగ్గది.

యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్ (2006)

డేవిస్ గుగెన్‌హైమ్ దర్శకత్వంలో, భూమి వేడెక్కడం మీద అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఇచ్చిన ఉపన్యాసమే ఈ చిత్రం. ఆస్కార్ వచ్చింది, పేరు అందరికీ తెలుసు. అందుకే నిర్వాహకులు ముందు దీన్నే ఎంచుకుంటారు. మా తీర్పు: విద్యార్థులకు తరగతి గదిలో సరే, వాడకట్టు జనానికి వద్దు.

మొదటి కారణం నిర్మాణంలోనే ఉంది. గంటన్నర పాటు గ్రాఫులు, మంచుదిబ్బలు, తుపానులు చూపించి, ఏం చేయాలన్న జాబితాను ముగింపు పేర్లతో కలిపి అక్షరాల్లో వేస్తారు. పేర్లు పడగానే జనం లేస్తారు, ఎవరో లైటు వేస్తారు, పిల్లలు పరుగెడతారు. అసలు చేయమన్నది ఎవరూ చదవరు. తప్పక వేయాల్సి వస్తే ఆ జాబితాను ముందే పెద్ద అట్ట మీద రాసి, చిత్రం ఆపిన మరుక్షణం దాని మీదే దీపం పడేట్టు పెట్టాలి.

రెండోది, పాతబడిన అంకెలు. చిత్రంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 380 దగ్గర ఉంటుంది. ఇప్పుడది 420 దాటింది. పైగా 2007లో బ్రిటన్ హైకోర్టు, చిత్రం స్థూలంగా సరైనదే అంటూనే, శాస్త్రవేత్తల ఏకాభిప్రాయానికి మించి పోయిన తొమ్మిది అంశాలను ఎత్తిచూపి, బడుల్లో చూపేటప్పుడు వివరణ పత్రం జోడించాలని చెప్పింది. సముద్రమట్టం 7 మీటర్ల దాకా పెరిగే సంగతిని దగ్గరి కాలంలోనే జరిగేట్టు చూపడం వాటిలో ఒకటి. మైకు పట్టుకునే మనిషికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

అయినా ఈ చిత్రం నుంచి మిగతా అన్నిటికీ పనికొచ్చే పాఠం ఒకటి దొరికింది. గ్రాంట్ జాకబ్సన్ అనే ఆర్థికవేత్త 2011లో ప్రచురించిన అధ్యయనంలో, చిత్రం ఆడిన హాళ్లకు 10 మైళ్ల లోపు ప్రాంతాల్లో విడుదల తర్వాతి రెండు నెలల్లో స్వచ్ఛంద కార్బన్ ఆఫ్‌సెట్ల (తాము వదిలిన కార్బన్‌కు బదులుగా వేరేచోట దాన్ని తగ్గించే పనికి డబ్బు కట్టడం) కొనుగోళ్లు మిగతా చోట్లతో పోలిస్తే 50 శాతం పెరిగాయి. ఆ ఊపు నిలిచిందనడానికి మాత్రం ఆధారం పెద్దగా కనిపించలేదు. అంటే సినిమా చేత పని చేయించవచ్చు, కానీ దానికి గడువు ఉంటుంది.

ది ఏజ్ ఆఫ్ స్టుపిడ్ (2009)

ఆ గడువు ఎంతో ఈ చిత్రం మీద జరిగిన పరిశీలన ఇంకా దగ్గరగా చెబుతుంది. ఫ్రానీ ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన ఈ చిత్రంలో 2055లో ఒంటరిగా మిగిలిన వృద్ధుడు పాత దృశ్యాలు తిరగేస్తూ, కాలం ఉన్నప్పుడు మనం ఎందుకు మేలుకోలేదని అడుగుతాడు. రేచల్ హోవెల్ అనే పరిశోధకురాలు దీని ప్రేక్షకులను చిత్రానికి ముందు, తర్వాత, మళ్లీ 10 నుంచి 14 వారాలకు ప్రశ్నించింది. చూసిన వెంటనే ఆందోళన, పట్టుదల, తన వల్ల అవుతుందన్న నమ్మకం మూడూ పెరిగాయి. 10-14 వారాలకు ఆ పెరుగుదల నిలవలేదు. కొందరు కొన్ని అలవాట్లు మార్చుకున్నారు, అక్కడి నుంచి ముందుకు పోవడానికి అడ్డంకులున్నాయని చెప్పారు.

వాడకానికి వస్తే ఇది పెద్దవాళ్ల చిత్రం. నిడివి గంటన్నర, కథలు ఆరేడు, దేశాలు చాలా, భాషలు కలగలుపు. సబ్‌టైటిల్స్ లేకుండా నడవదు, పక్కన నిలబడి చెప్పడం కుదరదు. పిల్లలకు వృద్ధుడి భాగం భయం పుట్టిస్తుంది. భయపెట్టి వదిలేస్తే మనిషి పనిలోకి దిగడు, ఆ సంగతినే తలుచుకోవడం మానేస్తాడు. అయితే ఇందులో గాలిమరలు పెట్టాలనుకున్న మనిషికీ, మా కళ్ల ముందు వద్దనే ఇరుగుపొరుగుకీ జరిగే పోరు ఉంది. కాలుష్యం మీద అందరూ ఒక్కటే మాట అంటారు, కానీ మార్పు తమ గుమ్మం ముందుకొస్తే మాట మారుస్తారు. ఈ సంగతి మీద చర్చ పెట్టాలనుకునే కాలనీ సంఘానికి, కమిటీకి ఇంతకన్నా మంచి ముడిసరుకు అరుదు.

అనుమతి విషయంలో ఈ చిత్రం కొత్త దారి చూపింది. ఎవరైనా తమ చోట వేసుకునేందుకు హక్కును నేరుగా కొనుక్కునే ఏర్పాటు పెట్టి, టిక్కెట్ల మీద వచ్చిన మిగులు నిర్వాహకులే ఉంచుకోవచ్చంది. వేసే ముందు ఇప్పటి షరతులను హక్కుదారుల దగ్గరే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంటి వాడకానికి కొన్న డిస్కు గానీ, నెలవారీ చందా గానీ నలుగురి ముందు వేయడానికి హక్కు ఇవ్వవు. టిక్కెట్టు లేదు కదా అన్న వాదన కూడా నిలబడదు.

చేసింగ్ కోరల్ (2017)

పని పుట్టించే గుణంలో ఇది రెండో స్థానం. జెఫ్ ఓర్లోవ్‌స్కీ బృందం నీటి అడుగున పగడాలు తెల్లబారడాన్ని కెమెరాలో పట్టింది. నీరు మామూలుకన్నా వేడెక్కినప్పుడు పగడం తనలో ఉండి తిండి తయారుచేసి పెట్టే నాచును బయటికి తోసేస్తుంది, రంగు పోతుంది, వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. ఇందులో బలమైన భాగం సైన్సు కాదు. తమంతట తామే ఫొటోలు తీసే కెమెరాలు ఫోకస్ తప్పి మోసం చేశాక, మనుషులే రోజూ నీళ్లలోకి దిగి అదే చోట, అదే కోణంలో ఫొటో తీయడం. చివర్లో ఆ ఫొటోలను పక్కపక్కన పెట్టినప్పుడు హాలులో మాట వినపడదు.

సముద్రం ఎన్నడూ చూడనివాళ్లకు పగడం దూరపు సంగతి. ఆ దూరాన్ని దాటించేది వాళ్ల పద్ధతే. దగ్గర్లోని చెరువు గట్టు మీదో, మురుగు కాలువ దగ్గరో నడుం పైన వచ్చేంత ఎత్తు గుంజ పాతి, దాని మీద ఫోను ఆన్చే చెక్క బిగించాలి. వారానికి ఒక ఫొటో, అదే రోజు, అదే గంట, సూర్యుడు వెనక ఉండేట్టు. మొదటి ఫొటోను ముద్రించి గుంజకే అతికిస్తే తర్వాత తీసేవాళ్లు అందులోని చెట్టుకో, స్తంభానికో సరిచూసుకుంటారు. చెడేది ఎక్కడంటే, ఒకరు జూమ్ వాడతారు, ఇంకొకరి ఫోను తనంతట తాను వైడ్ లెన్సుకు మారుతుంది. ‘1ఎక్స్ మాత్రమే’ అని గుంజ మీదే రాయాలి. ముందు మొక్కలు ఎదిగి అడ్డం వస్తాయి కాబట్టి వానలకు ముందే ఎత్తైన చోటు ఎంచుకోవాలి. ఫైలు పేరులో తేదీ ఉండాలి. ఎనిమిది వారాలకు ఎనిమిది ఫొటోలు. తర్వాతి ప్రదర్శనలో ముందు వేయాల్సింది వాటినే.

ఇబ్బంది ప్రొజెక్షన్ దగ్గర వస్తుంది. ముదురు నీలం దృశ్యాలు వెలుతురులో బూడిదగా కనిపిస్తాయి, రంగు పోవడమే కథ అయిన చిత్రంలో రంగే కనపడదు. పూర్తిగా చీకటి పడ్డాక, వీధిదీపాన్ని తెర వెనక వైపు ఉంచి, 3000 ఆన్సీ ల్యూమెన్లకు తగ్గకుండా వేయాలి. తెర ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకోవద్దు. 2.5 మీటర్ల వెడల్పు తెర వైశాల్యం సుమారు 3.5 చదరపు మీటర్లు, 3.5 మీటర్ల వెడల్పుదైతే దాదాపు 7. వెడల్పు ఒక్క మీటరు పెరిగితే వెలుగు సగానికి పడిపోతుంది.

చిత్రం నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. ఆ సంస్థ తన డాక్యుమెంటరీల్లో కొన్నిటికి విద్యాపరమైన ఒక్కసారి ప్రదర్శనకు అనుమతి ఇస్తుంది. ఏ చిత్రానికి ఇచ్చిందో వాళ్ల సైటులో ఆ చిత్రం పేజీలోనే రాసి ఉంటుంది. చందాదారు తన ఖాతా నుంచే వేయాలి. టిక్కెట్టు, చందాల డబ్బా, ప్రకటన ఏవీ ఉండకూడదు, రాజకీయ ప్రచార సభలో వేయకూడదు, కరపత్రం మీద వాళ్ల లోగో వాడకూడదు. దాతల పేర్లతో బ్యానరు కట్టే అలవాటున్న సంఘాలు ఇక్కడే తప్పు చేస్తాయి.

సాంకేతికంగా ఇంకో ఉచ్చు ఉంది. మాట వినిపిస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ప్రొజెక్టర్ పాడవలేదు. నకలు తీయకుండా కాపాడే హెచ్‌డీసీపీ అనే తాళం, పాత వీజీఏ కేబుల్ గానీ చవక కన్వర్టర్ గానీ మధ్యలో ఉంటే బొమ్మను ఆపేస్తుంది. లాప్‌టాప్ నుంచి ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ నేరుగా వేయాలి. 10 మీటర్లు దాటితే మామూలు కేబుల్ బొమ్మను తెంపుతుంది కాబట్టి లాప్‌టాప్‌ను ప్రొజెక్టర్ పక్కనే పెట్టి, ధ్వని కేబుల్‌నే స్పీకర్ల దాకా పొడిగించాలి. బ్లూటూత్ స్పీకరు వద్దు, పెదవి ముందు కదిలి మాట తర్వాత వస్తుంది.

హోమ్ (2009)

యాన్ ఆర్థస్-బెర్‌ట్రాండ్ తీసిన ఈ చిత్రం మొత్తం ఆకాశం నుంచి తీసిన దృశ్యాలే. 2009 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినాన, చాలా దేశాల్లో ఒకేసారి హాళ్లలో, టీవీలో, ఇంటర్నెట్‌లో ఉచితంగా విడుదలైంది. చూడ్డానికి అద్భుతం. జనంలో వేయడానికి బలహీనం. గంటన్నరలో మాట్లాడే మనిషి ముఖం ఒక్కటి కూడా దగ్గరగా కనపడదు, వ్యాఖ్యానం ఆగకుండా సాగుతుంది, పిల్లలు నలభై నిమిషాల లోపే లేస్తారు. విలాస వస్తువుల బ్రాండ్లున్న వ్యాపార సంస్థ డబ్బుతో తీశారు కదా అని ఎవరైనా అడిగితే అవునని చెప్పి ముందుకు సాగాలి, దాచకూడదు. కార్యక్రమం మొదలయ్యే ముందు జనం చేరుతున్నంతసేపూ ధ్వని తగ్గించి తెర మీద ఉంచడానికి మాత్రం దీనికి సాటి లేదు.

చిన్న చిత్రానికే ఎందుకు ఓటు

కరెంటు లేని చోట లెక్క వేసి చూడండి. ప్రొజెక్టర్ 300 వాట్లు, స్పీకర్లు 100, లాప్‌టాప్ 60, మొత్తం 460. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు, ఇన్వర్టర్ దగ్గర మరో 15 శాతం పోతుంది. చేతికొచ్చేది 765, అంటే గంటా నలభై నిమిషాలు. గంటన్నర చిత్రం వేస్తే మాట్లాడుకోవడానికి పది నిమిషాలు కూడా సరిగ్గా మిగలవు. అదీ చీకట్లో. ఇరవై నిమిషాల చిత్రం వేస్తే గంటకు పైగా దీపమూ మైకూ మిగులుతాయి. చిత్రం కాగానే ప్రొజెక్టర్ స్విచ్ తీసేయకండి. దీపం ఉన్న రకమైతే లోపలి ఫ్యాను ఆగేదాకా కరెంటు ఉండాలి, లేకపోతే దీపం ఆయువు తగ్గుతుంది.

ఆ మిగిలిన గంటలో మొదటి ప్రశ్న ‘ఎలా ఉంది?’ అని వేయవద్దు. ‘బాగుంది’ అంటారు, అక్కడితో ఆగుతుంది. ‘ఇందులో మన చోట కనిపించేది ఏది?’ అని అడగాలి. ముగ్గురు నలుగురు చెప్పాక ఒకే పని ముందు పెట్టాలి. ఐదు పనుల జాబితా ఇస్తే ఏదీ జరగదు. బల్ల బయటికి వెళ్లే దారిలోనే ఉండాలి, వేదిక పక్కన కాదు. కాగితం మీద నాలుగు గడులు చాలు: పేరు, ఫోను, ఏ రోజు వస్తారు, ఎవరితో కలిసి వస్తారు. నాలుగో గడి ముఖ్యం. పక్కింటివాళ్ల పేరు రాసిన మనిషి ఆ రోజు రాకుండా ఉండడం కష్టం. పెన్నులు నాలుగైనా దారంతో బల్లకు కట్టి ఉంచాలి, లేకపోతే పదో సంతకం దగ్గర వరస ఆగిపోతుంది.

48 గంటల్లో ఫోను, ఏడు రోజుల్లో మొదటి పని, నాలుగో వారంలో దాని ఫలితం చూపే చిన్న సమావేశం, ఎనిమిదో వారంలో రెండో ప్రదర్శన. హోవెల్ చూసిన పదో వారం కన్నా ముందే ఇవన్నీ పడాలి. అందుకే తేదీలు ఖరారయ్యాకే తెర అద్దెకు తీసుకోవాలి. రెండో ప్రదర్శనలో కొత్త చిత్రం వెతకనక్కర్లేదు. గుంజ దగ్గర తీసిన ఎనిమిది ఫొటోలో, ఆరు కుప్పల తూకాలు రాసిన అట్టో, ఏ పని ఎంచుకుంటే దాని ఫలితం ముందు చూపించి, తర్వాత మిగతా కార్యక్రమం నడపండి.